ఫోటో దిగినవాళ్ల మాటే చెల్లాలి

బి.ఎన్. రెడ్డి నగర్,
హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు ఫోన్‌లో అడిగింది ఒక్కటే: "వేరేవాళ్ల సైట్లో మన ఫోటోలు కనబడకుండా ఆపే సెట్టింగు ఏదక్కా?" సెట్టింగు ఉంది. ఎక్కడుందో, ఎట్లా పెట్టాలో ఈ ఉత్తరంలోనే రాస్తాను. కానీ ఆ బటన్ ఒక్కటి నొక్కి చేతులు దులుపుకుంటే, ఇంకో ఆడపిల్ల నాయన నీ ఫోటో దుకాణం మెట్లెక్కే రోజు మళ్లీ వస్తుంది. అందుకే ఫోన్‌లో హడావిడిగా చెప్పకుండా కూర్చుని రాస్తున్నా. షట్టర్ దించినాక నిమ్మళంగా చదువుకో.

ముందు ఆ పిల్ల సంగతి. మిగతావన్నీ తర్వాత.

హాఫ్ శారీ ఫంక్షన్‌లో నువ్వు తీసిన ఫోటో అది. బడికి పోయే పిల్ల. ఆ ఫోటోను ఎవరో పెళ్లి సంబంధాల పేజీలో పెట్టి, కింద వేరే పేరు, లేని వయసు రాశారు. నువ్వు పంపిన లింకు తెరిచి చూశాక నా కడుపు తరుక్కుపోయింది. కన్న తండ్రికి ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆయన నీ మీద కేకలేశాడని బాధపడకు. ఫోటో మీద నీ దుకాణం పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఆయనకు తెలిసిన తలుపు అదొక్కటే.

ఆ పేజీవాళ్లు ఫోటోను కాపీ చేసుకోలేదు. నీ సైట్లో ఆ ఫోటో ఉన్న అడ్రసును మాత్రం తమ పేజీలో రాసుకున్నారు. ఎవరు ఆ పేజీ తెరిచినా వాళ్ల ఫోను నేరుగా నీ సర్వర్ దగ్గరికి వచ్చి, ఫోటో అడిగి తీసుకుపోయి, అక్కడ చూపిస్తుంది. మా పనిలో దీన్ని హాట్‌లింకింగ్ అంటాం. మన బోరుకు ఎవరో పైపు తగిలించుకొని వాళ్ల మడి పారించుకున్నట్టు: నీళ్లు మనవే, కరెంటు బిల్లు మనదే, పంట మాత్రం వాళ్లది. నెల తిరగకముందే నీ హోస్టింగ్ కోటా అయిపోయి సైటు ఆగిపోయింది కూడా అందుకే. హోస్టింగ్ కంపెనీవాళ్లను తిట్టుకోకు.

ఇందులో మనకు ఒక మేలు కూడా ఉంది. ఫోటో ఇంకా నీ చేతిలోనే ఉంది. వాళ్లు కాపీ చేసుకొని ఉంటే వాళ్ల కాళ్లావేళ్లా పడాల్సి వచ్చేది. ఇప్పుడు నువ్వు ఆ ఫైలును తీసేస్తే వాళ్ల పేజీలో ఖాళీ డబ్బా మిగులుతుంది, అంతే. కాకపోతే తొందరపడి ముందే తీసెయ్యకు. మొదట ఆ పేజీని స్క్రీన్‌షాట్ తియ్యి. పైన అడ్రసు మొత్తం కనబడాలి, తేదీ, టైము కనబడాలి. పేజీని పీడీఎఫ్‌గా కూడా సేవ్ చెయ్యి. సర్వర్ లాగ్ ఫైలును విడిగా దాచిపెట్టు. హోస్టింగ్‌వాళ్లు పాత లాగులను కొన్నాళ్లకు చెరిపేస్తారు కాబట్టి ఈ రాత్రే దించుకో. రేపు పోలీసులు అడిగితే చూపించడానికి ఇవే ఆధారం. ఇవన్నీ చేతికొచ్చాకే ఫైలును సర్వర్ నుంచి తీసెయ్యి. ఇదివరకే ఆ పేజీ చూసినవాళ్ల బ్రౌజర్‌లో ఫోటో కొంతకాలం నిల్వ ఉండొచ్చు, అది మన చేతిలో లేదు. గూగుల్ బొమ్మల వెతుకులాటలో పాతది కనబడుతూ ఉంటే, అక్కడ పాతబడ్డ ఫలితాలను తీసెయ్యమని అడిగే ఫారం ఉంది. ఫోటో అడ్రసు అందులో పెడితే చాలు.

ఆ తర్వాత ఫిర్యాదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలకు, పిల్లలకు సంబంధించిన నేరాలకు విడిగా విభాగం ఉంది. అక్కడ పెట్టించు. మీ ఠాణాలో కూడా కాగితం మీద రాసి ఇప్పించు, రసీదు తీసుకోండి. పిల్ల తల్లికి అక్కడ మాట్లాడటం సులువని అనిపిస్తే, ఆడవాళ్ల భద్రత కోసం పోలీసులు పెట్టిన షీ టీమ్స్ ఉన్నాయి. 2014 నుంచి పనిచేస్తున్నాయి, వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు తీసుకుంటారు. సంబంధాల పేజీ ఏ కంపెనీ సర్వీసు మీద నడుస్తోందో ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి కూడా రాయాలి. ఇంకొకరిలా నటిస్తూ పెట్టిన ఫోటో, మార్ఫింగ్ చేసిన ఫోటో విషయంలో బాధితుల తరఫున ఫిర్యాదు అందాక కొద్ది గంటల్లోనే చర్య తీసుకోవాలని ఐటీ నిబంధనల్లో ఉంది. ఈ పిల్ల ఫోటోకు వేరే పేరు తగిలించారు కాబట్టి ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయించు.

రాయించు అంటున్నాను, రాయి అనడం లేదు. ఎందుకో చెప్తాను. "నా ఫోటో దొంగిలించారు" అన్నావు నువ్వు. చట్టం ప్రకారం అది నీ ఫోటో కాదు. 1957 కాపీరైట్ చట్టంలో పదిహేడో సెక్షన్ ఉంది. మామూలుగా ఫోటో తీసినవాడే దాని మొదటి హక్కుదారు. కానీ ఎవరైనా పైసలిచ్చి, తమ కోసం తీయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఆ తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదార్లు. లగ్గాలు, ఓణీలు, ఇరవై ఒకటో రోజు ఫంక్షన్లు, నువ్వు అడ్వాన్సు తీసుకొని తీసే ప్రతి ఫోటో ఈ లెక్కలోకే వస్తుంది. మీ దగ్గర రాతపూర్వక ఒప్పందాలు ఎట్లాగూ లేవు, రసీదు బుక్కే ఉంది. కాబట్టి ఆ పిల్ల ఫోటో మీద హక్కు వాళ్ల నాయనది. ఆయన పేరు మీదే ఫిర్యాదు పోవాలి. నువ్వు పక్కన ఉండి టైపు చేసిపెట్టు, ఆధారాలు జతచెయ్యి, ఆయనతో పాటు ఠాణాకు నడువు. ఒక పూట దుకాణం మూసినా ఫర్వాలేదు.

ఇప్పుడు నువ్వు నాకు పంపిన లాగ్ ముక్క సంగతి. అందులో ఒక్కో వరుస ఒక్కో కోరిక. తేదీ, గంట, ఏ ఫైలు అడిగారు, సర్వర్ ఇచ్చిందా లేదా, ఎన్ని బైట్లు పోయాయి, చివర్లో కొటేషన్ గుర్తుల మధ్య ఏ పేజీలో ఉండి అడిగారు. 200 అని ఉంటే సర్వర్ ఇచ్చిందని, 403 అని ఉంటే కుదరదు పొమ్మందని. ఏ పేజీ నుంచి వచ్చారో చెప్పే ఆ గడిని రెఫరర్ అంటారు. నీ కస్టమర్లు గ్యాలరీ చూసుకున్నప్పుడు అక్కడ నీ సైటు పేరే ఉంది. ఈ పిల్ల ఫోటో దగ్గరికి వచ్చేసరికి వరుసల కొద్దీ ఆ సంబంధాల పేజీ ఉన్న సైటు పేరే. ఒక్కో వరుసలో తొమ్మిది ఎంబీ పైన పోయింది. తొమ్మిది ఎంబీల ఫోటోను వెయ్యి మంది చూస్తే తొమ్మిది జీబీ. కెమెరాలోంచి వచ్చిన ఫైలును ఉన్నది ఉన్నట్టు ఎక్కించావు. చూసుకోవడానికి పెట్టే ఫోటో పొడుగు వైపు పదహారు వందల పిక్సెళ్లు ఉంటే ఫోన్‌లోనూ, టీవీలోనూ చక్కగా కనబడుతుంది, సైజు ఒక ఎంబీకి లోపే ఉంటుంది. పెద్ద ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వు.

లాగ్‌లో ఇంకోటి కనబడింది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. సంబంధాల పేజీవాళ్లకు ఆ ఫోటో ఎట్లా దొరికిందనుకున్నావు? నువ్వు లింకు ఇచ్చిన ఇంటివాళ్లెవరో బయటపెట్టి ఉంటారని అనుమానపడ్డావు కదా. వాళ్ల తప్పేం లేదు. నీ గ్యాలరీ అడ్రసులో చివరి ఫైలు పేరు చెరిపేసి ఎంటర్ కొడితే, ఆ ఫోల్డర్‌లో ఉన్న ఫోటోలన్నీ జాబితాగా వచ్చేస్తున్నాయి. ఇంకో మెట్టు వెనక్కి పోతే నువ్వు తీసిన ఫంక్షన్లన్నిటి ఫోల్డర్లూ ఇంటిపేర్లతో సహా వరసగా ఉన్నాయి. సర్వర్‌లో డైరెక్టరీ లిస్టింగ్ తెరిచి ఉంది. నీ హోస్టింగ్ సెట్టింగులుండే సీప్యానెల్‌లో 'ఇండెక్సెస్' అనే చోటికి పోయి, నీ ఫోటోల ఫోల్డర్ ఎంచుకొని, 'నో ఇండెక్సింగ్' పెట్టు. హాట్‌లింక్ బటన్ కన్నా ముందు ఇది చెయ్యి. దీంతో పాటు ఫైలు పేర్లు కూడా మార్చాలి. కెమెరా పెట్టే డీఎస్‌సీ 4512 అనే పేరు చూసిన ఎవడికైనా పక్కన 4513 ఉంటుందని తెలుస్తుంది. ఇంటిపేరు, ఊరు, ఫంక్షన్ పేరు ఫోల్డర్‌కు పెట్టడం మానేసి, అర్థంపర్థం లేని పొడుగాటి అక్షరాల గుత్తి పెట్టు. పేర్లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వేల ఫోటోలైనా ఒక్క దెబ్బకు మారుస్తాయి.

ఇక నువ్వు అడిగిన బటన్. సీప్యానెల్‌లోనే సెక్యూరిటీ అనే వరుసలో 'హాట్‌లింక్ ప్రొటెక్షన్' ఉంటుంది. తెరిస్తే ఒక పెట్టెలో ఎవరిని రానివ్వాలో ఆ సైట్ల పేర్లు అడుగుతుంది. నీ సైటు పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూతో ఒకసారి, అది లేకుండా ఒకసారి రాయి. ఇంకో పెట్టెలో ఏ రకం ఫైళ్లను ఆపాలో అడుగుతుంది. జేపెగ్, జిఫ్, పీఎన్‌జీ లాంటివి ముందే ఉంటాయి. వెబ్‌పీ సాధారణంగా ఉండదు. నీ గ్యాలరీ సాఫ్ట్‌వేర్ చిన్న బొమ్మలను వెబ్‌పీలోనే చేస్తోంది, కాబట్టి అది చేర్చకపోతే సగం తలుపు తెరిచిపెట్టినట్టే. కింద 'నేరుగా వచ్చే కోరికలను అనుమతించు' అని ఒక గడి ఉంటుంది. దాన్ని టిక్ పెట్టి ఉంచు. రెఫరర్ ఖాళీగా వచ్చేవాళ్లంతా దొంగలు కారు. కొన్ని బ్రౌజర్లు, యాంటీవైరస్‌లు, ఆఫీసు నెట్‌వర్కులు ఆ వివరాన్ని తామే తీసేస్తాయి. వాళ్లను కూడా ఆపితే మన సొంత చుట్టాలకే ఫోటోలు కనబడవు, నీకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. పెట్టాక పరీక్షించేటప్పుడు బ్రౌజర్‌లో నిల్వ ఉన్నది చెరిపి చూడు, లేకపోతే పాత ఫోటోనే కనబడి బటన్ పనిచేయలేదని అనుకుంటావు. ముందు ముందు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సర్వీసు పెట్టుకుంటే అందులోనూ ఇదే పేరుతో ఇదే బటన్ ఉంటుంది.

ఈ బటన్ ఎంతవరకు కాపాడుతుందో కూడా తెలుసుకో. అది చూసేది రెఫరర్ ఒక్కటే. ఎదుటివాడు తన పేజీలో "రెఫరర్ పంపకు" అని ఒక చిన్న మాట రాస్తే, అడిగేవాడు ఎవడో నీ సర్వర్‌కు తెలియదు. ఖాళీగా వచ్చినవాళ్లను రానిస్తున్నాం కాబట్టి వాడూ లోపలికి వస్తాడు. దీనికి విరుగుడు ఇంకోటి ఉంది. ఫోటో పంపేటప్పుడు సర్వర్ దాంతో పాటు 'క్రాస్ ఆరిజిన్ రిసోర్స్ పాలసీ' అనే చీటీ జతచేస్తుంది. "ఈ బొమ్మను నా సైటు పేజీల్లో తప్ప ఎక్కడా చూపించొద్దు" అని దాని అర్థం. అప్పుడు చూసేవాడి బ్రౌజరే ఆ బొమ్మను వేరే పేజీలో పెట్టడానికి ఒప్పుకోదు. రెఫరర్ దాచినా లాభం ఉండదు. రెండు వరుసల కోడ్, అది నేనే రాసి పెడతాను. రెండూ కలిపి పెడితే లింకు తగిలించుకునేవాళ్లలో దాదాపు అందరూ ఆగిపోతారు. డౌన్‌లోడ్ చేసుకొని తన సర్వర్‌లో ఎక్కించుకునేవాణ్ని, స్క్రీన్‌షాట్ తీసుకునేవాణ్ని ఇవేవీ ఆపలేవు. కుడి బటన్ నొక్కనివ్వని చిట్కాలకు పైసలు పెట్టకు, వాటిని దాటడం చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నీ స్నేహితుడెవరో, లింకు పెట్టినవాడి పేజీలో మన ఫోటో బదులు బూతు బొమ్మ వచ్చేట్టు చేద్దాం, వాడికి బుద్ధొస్తుంది అన్నాడట. ఇది పాత ఉపాయమే. 2007లో అమెరికాలో జాన్ మెకెయిన్ అధ్యక్ష పదవికి పోటీ పడుతున్నప్పుడు ఆయన మైస్పేస్ పేజీ మైక్ డేవిడ్‌సన్ అనే డిజైనర్ తయారుచేసిన నమూనా వాడింది. పేరు చెప్పలేదు సరే, బొమ్మలు కూడా ఆయన సర్వర్ నుంచే లాగింది. డేవిడ్‌సన్ తన సర్వర్‌లో ఆ బొమ్మ మార్చేశాడు. దాంతో స్వలింగ వివాహాల మీద మెకెయిన్ తన వైఖరి మార్చుకొని సమర్థిస్తున్నాడన్న ప్రకటన ఆయన సొంత పేజీలోనే ప్రత్యక్షమైంది. అక్కడ ఒకవైపు రాజకీయ నాయకుడు, రెండోవైపు పేరున్న డిజైనర్. మన దగ్గర ఆ బొమ్మ పక్కన ఒక పిల్ల గురించి రాతలున్నాయి. ఆ రాతల పక్కన బూతు బొమ్మ వస్తే అవమానం ఎవరికి? వద్దు. 403 చాలు.

కోర్టులు ఈ లింకుల గురించి ఏమన్నాయో నాకు ఆసక్తి, నీకూ పనికొస్తుంది. అమెరికాలో 2007లోనే పర్ఫెక్ట్ 10 అనే సంస్థ అమెజాన్, గూగుల్‌ల మీద వేసిన కేసులో, బొమ్మ తన సర్వర్‌లో లేకుండా వేరేచోటి నుంచి చూపించేవాడు దాన్ని ప్రదర్శించినట్టు కాదని తొమ్మిదో సర్క్యూట్ కోర్టు అంది. లింకు పెట్టేవాళ్లకు అది ఊరట. యూరప్‌లో 2021 మార్చిలో యూరోపియన్ న్యాయస్థానం జర్మనీ నుంచి వచ్చిన ఒక కేసులో వేరే దారి పట్టింది. హక్కుదారు తన బొమ్మను బయటి పేజీల్లో చూపించకుండా గట్టి సాంకేతిక ఏర్పాటు చేసుకొని ఉంటే, దాన్ని దాటి చూపించేవాడు అనుమతి తీసుకోవాల్సిందే అంది. అంటే తాళం వేసినవాడి పక్షాన చట్టం నిలబడింది. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో యాభై రెండో సెక్షన్‌లో చేర్చిన మాట కూడా ఇట్లాగే ఉంటుంది. లింకులు, యాక్సెస్ ఇచ్చే పనిలో తాత్కాలికంగా నిల్వ అయ్యే వాటికి మినహాయింపు ఇస్తూ, హక్కుదారు స్పష్టంగా నిషేధించనప్పుడే అది వర్తిస్తుందని పెట్టారు. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే ఇరవై ఒక్క రోజుల పాటు ఆ యాక్సెస్ ఆపాలని, ఆలోగా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలని కూడా ఉంది. కాబట్టి నీ గ్యాలరీ ప్రతి పేజీ కింద తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసిపెట్టు: ఈ ఫోటోలకు బయటి నుంచి లింకు పెట్టడం, వాడుకోవడం నిషేధం, హక్కులు ఆయా కుటుంబాలవి అని. రెండు వరుసలే, కానీ రేపు ఎవడైనా "వద్దని ఎక్కడ రాశారు" అంటే చూపించడానికి ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది తాళాల సంగతి. అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. ఆ పిల్ల ఫోటో ఎవరైనా తెరిచి చూడగలిగే పేజీలో ఎందుకుంది? నువ్వు పెట్టావు కాబట్టి. వాళ్లను అడిగావా? "ఆల్బం ఇచ్చేటప్పుడు సైట్లో కూడా ఉంటాయని చెప్పిన, సరే అన్నారు" అన్నావు. ఆన్‌లైన్‌లో పెడితే దూరాన ఉన్న మేనమామ చూసుకుంటాడని వాళ్లు అనుకున్నారు. లోకమంతా చూస్తుందని అనుకోలేదు. ఆ రెండింటికీ ఉన్న తేడా విడమరిచి చెప్పడం నీ పని. వాళ్లకు సైటంటే ఏంటో తెలియదు, నీకు తెలుసు.

హైదరాబాద్‌లో నిజాంల కాలంలోనే ఈ సమస్య తెలిసినవాడు ఒకాయన ఉన్నాడు. రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. పరదాలో ఉండే ఆడవాళ్లు ఫోటో దిగాలంటే ఎట్లా అని ఆలోచించి, 1892లో ఆడవాళ్ల కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. పరదా మంచిదని నేను అనడం లేదు, అది వేరే చర్చ. నేను చూసేది ఆ వ్యాపారస్థుడి తీరును. తనకు ఎట్లా వీలైతే అట్లా తీసుకుంటా, ఇష్టమైతే రండి అనలేదు. ఎవరి కంట పడటానికి వాళ్లు ఒప్పుకుంటారో అడిగి, దానికి తగ్గట్టు తన స్టూడియోనే మార్చుకున్నాడు. అంత పేరున్న మనిషి అంత పని పెట్టుకున్నాడు. నువ్వు అడగాల్సింది నాలుగు ప్రశ్నలు, పెట్టాల్సింది ఒక పాస్‌వర్డ్.

ఇప్పటి నుంచి బుకింగ్ రోజే అడుగు. అడ్వాన్సు రసీదు మీదే నాలుగు వరుసలు అచ్చు వేయించు. గ్యాలరీ కావాలా వద్దా, ఎన్నాళ్లు ఉంచాలి, దుకాణం ప్రచారానికి ఏవైనా వాడుకోవచ్చా, వాడుకోవచ్చంటే ఏవి. సంతకం తీసుకో. అడిగేటప్పుడు మగవాళ్లనే అడిగి ఊరుకోకు. పెళ్లికూతుర్ని అడుగు. మీ వైపు ఇప్పటికీ బయానా ఇచ్చేది, మాట్లాడేది నాయనో, మామో. ఫోటోలో ఉండేది ఆమె. ఆమె వద్దంటే వద్దు, మిగతావాళ్లంతా సరే అన్నా సరే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ఫోటోలైతే తల్లిదండ్రులు రాసి ఇచ్చాక కూడా బయటి పేజీలో పెట్టకు. డిజిటల్ వ్యక్తిగత సమాచారం మీద 2023లో వచ్చిన చట్టం కూడా పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం లేకపోయినా నేను ఇదే మాట చెప్పేదాన్ని.

గ్యాలరీ కావాలన్నవాళ్లకు ఒక్కో ఇంటికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టు. అది పేజీకి మాత్రమే కాదు, ఫోటో ఫైలుకూ వర్తించాలి. చాలా గ్యాలరీ సాఫ్ట్‌వేర్లు పేజీ ముందు తాళం వేసి ఫైళ్లను బయటే వదిలేస్తాయి. పాస్‌వర్డ్ అడిగిన పేజీ మూసేసి, ఫోటో అడ్రసు ఒక్కటే ఇంకో బ్రౌజర్‌లో పెట్టి చూడు. ఫోటో వచ్చిందంటే ఆ తాళం ఉత్తదే. కొంచెం ఖర్చు పెట్టగలిగితే గడువు ఉన్న లింకులిచ్చే స్టోరేజీ తీసుకుందాం. ఒక్కో ఫోటో అడ్రసు చివర సంతకం లాంటి అక్షరాలు ఉంటాయి, పెట్టిన గడువు దాటగానే ఆ అడ్రసు చచ్చిపోతుంది. ఎవడైనా తన పేజీలో తగిలించుకున్నా మర్నాటికి ఖాళీ డబ్బానే. గూగుల్ ఫోటోస్ ఆల్బం లింకు ఇస్తే సరిపోదా అన్నావు. ఆ లింకు ఎవరి చేతికి చిక్కినా తెరుచుకుంటుంది, వాట్సాప్ గ్రూపుల్లో పడిందంటే ఇక దాన్ని పట్టుకోలేం. ఇచ్చినా, నెల తర్వాత లింకు షేరింగ్ ఆపెయ్యి. ఉచితంగా ఫోటోలు దాచిపెట్టే సైట్ల మీద అయితే అస్సలు ఆధారపడకు. ఫోటోబకెట్ అని ఒకటుంది. ఏళ్ల తరబడి జనం తమ ఫోటోలన్నీ అందులో దాచి బయట చూపించుకున్నారు. 2017లో ఉన్నట్టుండి, బయటి పేజీల్లో కనబడాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. లోకమంతా ఎన్నో పేజీల్లో బొమ్మలు మాయమయ్యాయి.

గడువు పెట్టిన గ్యాలరీని గడువుకు తీసెయ్యాలి. మన దగ్గర ఎవరూ చేయని పని ఇది. నీ సర్వర్‌లో విడిపోయిన జంటల పెళ్లి ఫోటోలున్నాయి, చనిపోయినవాళ్లవి ఉన్నాయి, ఇప్పుడు ఇంటర్ చదువుతున్న పిల్లల ఉయ్యాల ఫంక్షన్లున్నాయి. వాళ్లెవరికీ అవి అక్కడున్నాయని గుర్తు కూడా ఉండదు. ఫోటోలు హార్డ్‌డిస్కుల్లో రెండుచోట్ల దాచు, సర్వర్ నుంచి తీసెయ్యి. కావాలన్నప్పుడు వాళ్లే వచ్చి అడుగుతారు.

నీ దగ్గర పనిచేసే పిల్లగాడు ఫోన్‌తో కూడా ఫోటోలు తీస్తాడు కదా. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఫైల్లో ఇల్లు ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. కెమెరా సెట్టింగుల్లో అది ఆపించు. ఇప్పటికే ఎక్కించిన వాటిలోంచి తీసేయడానికి సాఫ్ట్‌వేర్ ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా.

ఇంత పట్టుబట్టడానికి నాకు ఇంకో కారణం ఉంది. ఇదివరకు ఒక ఫోటో బయటపడితే అది ఆ ఫోటోగానే ఉండేది. ఇప్పుడు ఒక్క ముఖం దొరికితే చాలు, దాంతో వీడియో కూడా చేస్తున్నారు. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న ముఖాన్ని ఇంకో అమ్మాయి వీడియోకు తగిలించి వదిలారు. ఆ కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో అరెస్టు చేసింది గుంటూరు జిల్లాకు చెందిన యువ ఇంజనీర్‌ని. అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. సినిమా తారకు దేశమంతా అండగా మాట్లాడింది. మీ పక్కనున్న మంచాల నుంచో, యాచారం నుంచో వచ్చి నీ దగ్గర ఫోటో దిగిన పిల్లకు అట్లాంటిది జరిగితే ఎవరు మాట్లాడతారు? చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతారు, లేకపోతే తొందరగా లగ్గం చేస్తారు. మనం పుట్టిన ఊళ్లో ఇది ఎట్లా జరుగుతుందో నీకూ నాకూ తెలుసు.

తలుపులన్నీ మూసెయ్యమని మాత్రం అనడం లేదు. మన ఊరి చెరువు ఫోటోలున్నాయి చూడు, కట్ట మీద పొద్దున పూట తీసినవి, అలుగు పారినప్పుడు జనం విరగబడి చూస్తున్నవి, రాచకొండ గుట్టల్లో కోట గోడలవి, వాటిని లోకం చూడాలి. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నుంచి ఉన్న చెరువు అది, ఊరికి ఆయన పేరే వచ్చింది. నిండినప్పుడు ఎట్లుంటదో, ఎండినప్పుడు ఎట్లుంటదో ముందు తరాలకు తెలియాలంటే ఎవరో ఒకరు ఏటా తీసి దాచాలి. నువ్వు తీస్తున్నావు, నాకు అది గర్వం. వాటిని వికీమీడియా కామన్స్‌లో నీ పేరుతో, స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, బయటి పేజీల నుంచి లింకు పెట్టుకోవడానికి కూడా అక్కడ అభ్యంతరం లేదు, బ్యాండ్‌విడ్త్ ఖర్చు నీది కాదు. తెలుగు వికీపీడియాలో మన ఊరి పేజీకి మంచి ఫోటోలు కావాలి. ఒకటే చూసుకో: కట్ట మీద బట్టలుతికే ఆడవాళ్లు, ఈతకొట్టే పిల్లలు ముఖాలు గుర్తుపట్టేంత దగ్గరగా ఉన్నవి అందులో వేయకు.

ఆ పిల్ల వాళ్లింటికి ఎప్పుడు పోతావు? ఫోన్ చేసి ఊరుకోకు. చిన్నమ్మను వెంటబెట్టుకొని పో. తల్లితో చిన్నమ్మ మాట్లాడితే ఆమెకు ధైర్యంగా ఉంటుంది. ఫోటో సర్వర్ నుంచి తీసేసిన సంగతి నీ ఫోన్‌లో చూపించు, ఫిర్యాదు ఎట్లా పెట్టాలో చెప్పు, గ్యాలరీ మొత్తం ఉంచాలా తీసెయ్యాలా వాళ్లనే అడుగు. ఆ పిల్లతో కూడా ఒక్క మాట చెప్పు, ఇందులో తన తప్పు ఏమీ లేదని. పెద్దవాళ్లంతా గుసగుసలాడుకుంటూ ఉంటే పిల్లలు తప్పంతా తమ మీదే వేసుకుంటారు.

ఆదివారం పొద్దున సాగర్ రోడ్డు బస్సు పట్టుకొని వస్తా. ఆలోగా డైరెక్టరీ లిస్టింగ్ మూసెయ్యి, లాగులు దించు, ఇప్పుడు సర్వర్‌లో ఉన్న గ్యాలరీలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఆ ఇంటివాళ్ల ఫోన్ నంబరు పెట్టు. ఇద్దరం కూర్చుని అందరికీ వరసగా ఫోన్లు చేద్దాం. హోస్టింగ్ పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపకు, నేను వచ్చినప్పుడు నువ్వే టైపు చేద్దువుగాని.

మీ అక్క